సున్నా గ్రాముల ఇల్లు

మా ఇంట్లో దుమ్ము దొరకలేదు కాబట్టి మాది మురికి ఇల్లని పురపాలక సంఘం వారు తేల్చి, గుమ్మానికి బోర్డు కొట్టి వెళ్ళారు. ఈ వాక్యాన్ని మీరు రెండోసారి చదవనక్కర్లేదు. మొదటిసారి ఎలా అర్థమైందో సంగతి అచ్చం అలాగే ఉంది.

నా పేరు నూకరాజు. తూములపేట ఏడో వార్డులో కాపురం. నలభై ఏళ్ళు పంపుసెట్లు విప్పి బిగించి బతికాను. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆరో తరగతి మా ఊళ్ళో లేదు. ఉండి ఉంటే నేనూ ఏ ఆఫీసులోనో కూర్చుని సర్క్యులర్లు రాసేవాణ్ణేమో, ఆ గండం అలా తప్పింది.

నా భార్య వీరవేణి. ఆవిడ శుభ్రత గురించి చెబితే కోతలు కోస్తున్నానంటారు. నేను కోసేవి కూడా లేకపోలేదు గానీ ఇది మాత్రం కళ్ళారా చూశాను. కాపురానికొచ్చిన కొత్తలో మా ఇంట్లోకి ఒక ఈగ వచ్చింది. నేల మీద వాలబోయి, ఆ నున్నదనానికి జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. కుంటుకుంటూ పక్కింటి బుల్లెమ్మాయి గారింటికి పోయింది. దాని సంతతి ఇప్పటికీ అక్కడే సుఖంగా ఉంది.

ఆవిడకు ఇంత శుభ్రత ఎందుకంటే అప్పడాల కోసం. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ మినప అప్పడాలు ఒత్తుతోంది. మా పట్నంలో ఏ పెళ్ళి భోజనమైనా వంట మేస్త్రీ భీమన్న ముందు మా గుమ్మంలోకి వచ్చి, అప్పడాలు ఎన్ని కావాలో చెప్పి, ఆ తర్వాతే కూరగాయలు కొనడానికి వెళతాడు. హాల్లో నాలుగు నవారు మంచాలు వేసి, వాటి మీద ఉతికిన చీరలు పరిచి ఆరబెడుతుంది. వాటి మీద ఒక్క నలుసు పడినా ఆ వాయి మొత్తం అవతల పారేసే మనిషి.

ఇలా ఉండగా మా కమిషనర్ గారు ఎక్కడికో శిక్షణకు వెళ్ళి, అక్కడ హోటల్లో ఒక వాక్యూమ్ క్లీనర్ని చూసి వచ్చారు. అది సంచీ లేని రకం. మింగిన దుమ్మంతా గాజులాంటి డబ్బాలో గిర్రున తిరుగుతూ బయటికి కనిపిస్తుంది. ఆ కనిపించడమే మా కొంప ముంచింది. కనిపించేదాన్ని తూచవచ్చు. తూచినదాన్ని రాయవచ్చు. రాయడానికి ఒక అధికారి కావాలి. నెల తిరిగేసరికి 'నిర్ధూళి తూములపేట' పథకం పుట్టింది. మచ్చుకు మా వార్డులో ముప్ఫై ఒక్క ఇళ్ళకు తలా ఒక మిషను ఇచ్చారు. ధూళి పరిమాణ పరీక్షణాధికారిగా కుక్కుటేశ్వరరావు గారిని వేశారు. అంతకు ముందు ఆయన వీధికుక్కల లెక్క చూసేవారు. కుక్కలు ఒకచోట నిలబడక లెక్క ఎప్పుడూ తప్పేది. దుమ్ముకు కాళ్ళు లేవు గనుక ఈ ఉద్యోగం ఆయన ఎంతో ఇష్టపడి తీసుకున్నారు.

మిషనుతోపాటు నాలుగు పేజీల సర్క్యులరు కూడా ఇచ్చారు. 'ఇందుమూలముగా' దగ్గర మొదలుపెట్టి నేను మూడుసార్లు చదవబోయాను, మూడుసార్లూ నిద్ర పట్టింది. వార్డులో మిగతావాళ్ళకీ అంతే.

మిషను వచ్చిన ఇరవై ఎనిమిదో రోజు పొద్దున్నే వీరవేణి నా పడక్కుర్చీ పక్కన నిలబడింది.

"ఏవండీ, ఎల్లుండి ఆఫీసరు గారు మిషను చూడ్డానికి వత్తారంట. ఇలాగే చూపించేత్తే పరువుంటుందా? విప్పండి."

"దేన్ని?"

"మిషన్నండీ బాబూ. ఇల్లంతా తుడిచి దాని ఒళ్ళు ఎవరు తుడుత్తారు? రెండ్రోజుల్నుంచి లాగట్లేదు సరికదా, వెనకాల్నించి సన్నటి దుమ్ము ఊదుతుంది. నా అప్పడాల మీద పడితే?"

నాకు విప్పడమంటే ప్రాణం. పంపుసెట్లు మానేశాక చేతులు ఒకటే దురద. పెరట్లో గోనెపట్టా పరిచి మిషన్ని దాని మీద పడుకోబెట్టాను. ప్లగ్గు ముందే పీకాను. కోతలు నమ్మకపోయినా ఇది నమ్మండి, మీరూ ముందు ప్లగ్గు పీకండి. మీట నొక్కితే డబ్బా ఊడి చేతిలోకొచ్చింది. దాని అడుగు మూత తీయగానే బూడిదరంగు ముద్ద ఒకటి దభీమని అరటి మొదట్లో పడింది. డబ్బా లోపల గరాటు బోర్లించినట్టుండే భాగం ఒకటుంది, చుట్టూ సన్నటి చిల్లులతో. అవన్నీ పూడుకుపోయి ఉన్నాయి. వీరవేణి పాత పళ్ళబ్రష్షు తీసుకుని, మనవరాలి చెవులు తోమినంత జాగ్రత్తగా ఒక్కో చిల్లూ తెరిచింది.

స్పాంజి ఫిల్టర్ని ఒట్టి నీళ్ళలో పిసికితే మొదటిసారి కాఫీ దిగింది. రెండోసారి టీ. మూడోసారి మజ్జిగ తేట. నాలుగోసారి దిగిన నీళ్ళు మా వార్డు కుళాయి నీళ్ళకంటే తెల్లగా ఉన్నాయి.

నేల మీద దొర్లే బ్రష్షుకు వెంట్రుకలు చుట్టుకుని అది కదురులా తయారైంది. కత్తెర మొన దూర్చి పొడుగునా కోసి లాగాను. సవరానికి సరిపడా జుట్టు వచ్చింది. నా తల మీద లేనివన్నీ ఎక్కడికి పోయాయో ఆ రోజు తెలిసింది. గొట్టంలోకి ఒక చివర తాడు జారవిడిచి, తాడుకు గుడ్డ కట్టి రెండో చివర నుంచి లాగితే రెండు పిన్నీసులు, ఒక చింతగింజ, నేను ఏడాదిగా వెతుకుతున్న చొక్కా గుండీ బయటికొచ్చాయి. మిషను వచ్చి నెలే అయింది కదా అంటారేమో. ఆ గుండీకి అంత ఓపిక ఉంది మరి.

మోటారు జోలికి మాత్రం నీటిచుక్క పోనివ్వలేదు. పొడిగుడ్డతో తుడిచానంతే. కడిగిన సామానంతా చాప మీద పరిచి నీడలో పెట్టాం. ఫిల్టరు తడి పూర్తిగా ఆరకుండా బిగిస్తే మోటారు చస్తుంది. అందుకని ఒక పగలూ ఒక రాత్రీ అలా వదిలేశాం. పగలంతా వీరవేణి దాని పక్కనే పీట వేసుకుని కాకుల్ని తోలింది. మర్నాడు బిగించి మీట నొక్కితే అది పక్క గదిలోని కాలెండరు కాగితాల్ని రెపరెపలాడించింది.

అనుకున్న రోజుకు కుక్కుటేశ్వరరావు గారు వచ్చారు. గొడుగు, తోలుసంచీ, అందులో బంగారం తూచేలాంటి చిన్న తక్కెడ. డబ్బాను ఎత్తి వెలుతురుకు పట్టుకున్నారు. అందులోంచి అవతల ఉన్న వీరవేణి మొహం స్పష్టంగా కనిపించింది. ఆ మొహం గర్వంగా నవ్వుతోంది.

"ధూళి ఏదమ్మా?"

"లేదండి! మొత్తం కడిగేశాను."

"సదరు ధూళిని ఏమి చేసితిరి?"

"అరటి మొదట్లో పోశానండి."

ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు. "యంత్రమునందు ప్రవేశించిన క్షణము నుండి ధూళి పురపాలక ఆస్తి. దానిని ప్రైవేటు అరటిచెట్టుకు వినియోగించినారు."

"అయితే గెల వేశాక సగం మీకు పంపాలా అండి?" అన్నాను నేను.

"ఆ అంశమును పరిశీలనలో ఉంచెదము," అని ఆయన నిజంగానే రాసుకున్నారు.

వీరవేణికి అప్పటికి నవ్వు తగ్గింది. "బాబూ, ఇల్లు చూడండి. నేల మీద చెయ్యి పెట్టి రాయండి. ఏమన్నా అంటుకుంటుందేమో మీరే చెప్పండి."

"చూచుటకు నాకు అధికారము లేదమ్మా. తూచుటకే కలదు. ఊడ్చిన ఇంట దుమ్ము వచ్చును. మీ ఇంట దుమ్ము రాలేదు. కావున మీరు ఊడ్వలేదు. ఊడ్వని ఇల్లు మురికి ఇల్లు. నెలకు కనీసం రెండు వందల గ్రాములు ఉండవలెనని సర్క్యులరు మూడవ పేజీలో స్పష్టముగా కలదు."

మా బడిలో లెక్కల మాష్టారు కూడా ఇంత చురుగ్గా జవాబు తేల్చేవారు కాదు. పుస్తకంలో మా ఇంటి నంబరు ఎదుట 'సున్నా గ్రాములు' అని రాసి, సంచీలోంచి పసుపు బోర్డు తీసి, రెండు మేకులతో గుమ్మానికి కొట్టారు. 'అశుభ్ర గృహము. హెచ్చరిక.' పదిహేను రోజుల్లో రెండో పరీక్ష. అప్పటికీ రెండు వందల గ్రాములు చూపించకపోతే ఎర్ర బోర్డు. ఎర్ర బోర్డు పడిన గడప దాటి ఏడాది పాటు తినే వస్తువేదీ బయటికి పోకూడదు.

అక్కణ్ణించి ఆయన పక్కింటికి వెళ్ళారు. బుల్లెమ్మాయి గారు మిషన్ని ఒకే ఒక్కసారి వాడింది, అదీ మంచం కింద. ఆరు వందల నలభై గ్రాములు! కుక్కుటేశ్వరరావు గారు ఆ డబ్బాను రెండు చేతులా పట్టుకుని కళ్ళకద్దుకున్నంత పని చేశారు. వారం తిరక్కుండా ఆవిడకు 'ఆదర్శ గృహిణి' అని శాలువా కప్పారు. ఆ శాలువా కూడా మంచం కిందికే వెళ్ళి, మరుసటి నెల గ్రాముల కోసం తన వంతు సాయం మొదలుపెట్టింది.

బోర్డు కొట్టిన రోజు సాయంత్రమే భీమన్న వచ్చాడు. ఇంకో పదహారు రోజుల్లో ఉన్న పెళ్ళికి వెయ్యి అప్పడాలు చెప్పి ఉన్నాడు. గుమ్మం దగ్గర ఆగి బోర్డు చదివి, చెప్పులు విప్పబోయినవాడు మళ్ళీ తొడుక్కున్నాడు.

"అక్కా, నీ చేతి శుద్ధి నాకు తెల్దా? కానీ ఎర్రది పడిందంటే నేనేం చెయ్యలేను. అప్పడాలు పట్టుకుని గడప దాటానంటే నా గరిటెలు కూడా జప్తు చేత్తారు. అదొచ్చేలోగా ఏదోటి చూసుకో."

"చూసుకోడానికేముంది తమ్ముడూ," అంది వీరవేణి. "ఇల్లు ఇంకా బాగా తుడుత్తాను."

అదీ మా ఆవిడ. ఇల్లు ఎంత తుడిస్తే గ్రాములు అంత తగ్గుతాయని నేను మూడు రోజులు నచ్చజెప్పాను. పోనీ కొన్నాళ్ళు మిషను కడక్కు, ఉన్నదాన్ని పోగవనీ అన్నాను. "ఫిల్టరు పూడుకుంటే అది అప్పడాల మీద దుమ్ము ఊదుద్దండి. బోర్డు కోసం అప్పడాలు పాడుచేత్తానా? అప్పడాల కోసమే కదా బోర్డు గొడవ!" అంది. ప్రతి శనివారం మళ్ళీ విప్పడం, కడగడం, ఆరబెట్టడం. పది రోజులకు మా ఇంటి రాబడి తొమ్మిది గ్రాములు. అందులోనూ సగం నేను రహస్యంగా చీల్చిన దిండు దూది.

ఈలోగా వార్డంతా సర్క్యులరు మూడో పేజీ చదివేసింది. ఊడ్చిన దుమ్ము బయట పారేసే ఆడది ఒక్కతీ కనిపించలేదు. పొద్దున్నే తోడుకు మజ్జిగ అడిగినట్టు, "పిన్నీ, రెండు చెంచాల దుమ్ముంటే పెట్టవా, మావాళ్ళు పొలం నుంచి రాగానే ఇచ్చేత్తాను" అని గిన్నెలు పట్టుకుని తిరిగారు. మొగుళ్ళు గుమ్మం దగ్గర కాళ్ళు దులుపుకుంటే పెళ్ళాలు కయ్యిమని లేచారు. "దులపకండి, అలాగే లోపలికి రండి!" పల్లెల నుంచి నడిచి వచ్చే చుట్టాలకు జన్మలో ఎరగని మర్యాదలు జరిగాయి. చెప్పుల్లేకుండా వచ్చినవాళ్ళకు గారెలు కూడా వండిపెట్టారు.

వీధిలో దుమ్మంతా చాటల్లోకెత్తి ఇళ్ళలోకి తెచ్చుకోవడంతో మా రోడ్డు అద్దంలా తయారైంది. అది చూసి పురపాలక సంఘం వారు, రోడ్డు పరిశుభ్రం చేసిన ఘనత కూడా పథకానిదేనని పత్రికలకు చెప్పారు.

ఒకరిద్దరు పిండిమర నుంచి తెల్లటి దుమ్ము తెచ్చుకుని దొరికిపోయారు. కుక్కుటేశ్వరరావు గారు నాలిక చివర వేసుకుని, "ఇది ఆహారము," అని కొట్టేశారు. ఇటుకబట్టీ బూడిద తెచ్చినవాళ్ళని వాసన చూసి పట్టేశారు. ఆయన ముక్కుకు ఎంత అనుభవం వచ్చిందంటే, చిటికెడు పట్టుకుని "ఇది తొమ్మిదో వార్డు, పడమటి వీధి, మెట్ల కింది దుమ్ము" అని చెప్పగలిగేవారు. మెట్లు ఎన్నో కూడా చెప్పేవారని కొందరంటారు. నేను వినలేదు కాబట్టి అనను. చివరికి ఆయన రెండో సర్క్యులరు తెచ్చారు: ధూళి విధిగా సదరు గృహ ఆవరణలోనే లభించినదై ఉండవలెను.

నేను ఆఫీసుకు వెళ్ళాను. కుక్కుటేశ్వరరావు గారి బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి నమూనా దుమ్ము పొట్లాలు, పొట్లాల మీద ఇంటి నంబర్లు.

"అయ్యా, ఇల్లు శుభ్రంగా ఉందనడానికి ఆధారం లేదన్నారు. మురికిగా ఉందనడానికి మాత్రం ఏముందండి ఆధారం? అదీ లేదు కదా!"

"లేదు," అని ఆయన ఒప్పుకున్నారు. "రెండు విధములుగానూ ఆధారము లేనప్పుడు అధ్వాన్నమైనదే నిజమని భావించవలెను. అది కార్యాలయ సంప్రదాయము."

"పోనీ ఒకసారి వచ్చి మా నేల మీద పడుకుని చూడండి."

"నూకరాజు గారూ, మీరు పెద్దలు. మీ ఇల్లు అద్దము వలె ఉన్నదని నా కళ్ళకు ఆనాడే తెలిసినది. కాని నా కళ్ళు తనిఖీ సాధనముల జాబితాలో లేవు. తక్కెడ ఒక్కటే కలదు." ఆయన గొంతు తగ్గించారు. "మా ఇంట్లో కూడా నూట అరవై గ్రాములేనండీ. మా ఆవిడ నన్ను తలుపు దగ్గర దులపనివ్వడం లేదు."

ఆ మనిషి మీద కోపం తెచ్చుకోవడం నావల్ల కాలేదు. ఇంటికి వస్తూ దారిలో మట్టిగుట్ట కనిపిస్తే ఎక్కి, రెండు కాళ్ళతో బాగా తొక్కి, పంచె మడతల్లో కూడా కొంత పోసుకుని బయల్దేరాను. ఆవరణలోకి నా ఒంటి మీద వస్తే అది ఇంటి దుమ్మే కదా అని నా ఎత్తు. వీరవేణి గుమ్మంలోనే బిందెతో ఎదురైంది. కాళ్ళ మీద ఒకటి, పంచె మీద ఒకటి, రెండు బిందెలు గుమ్మరించింది.

"ఈ వయసులో మట్టిలో ఆటలేంటండీ? నలుగురూ చూత్తే ఏవనుకుంటారు?"

"నీ అప్పడాల కోసమే వేణీ!"

"దుమ్ముతో నిలబెట్టే అప్పడాలు నాకొద్దు," అంది. తలుపు వెనక్కి వెళ్ళాక ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. లోపల నాలుగు మంచాల మీద వెయ్యి అప్పడాలు ఆరుతున్నాయి. గడప దాటగలవో లేదో వాటికీ తెలియదు, మాకూ తెలియదు.

పదిహేనో రోజు వచ్చింది. ఆ రోజే నిర్ధూళి మహోత్సవం. మా ఎదురుగా ఉన్న కల్యాణమండపంలో ముప్ఫై ఇళ్ళ మిషన్లు వరసగా పెట్టి, వాటికి పూలదండలు వేశారు. పసుపు బోర్డు ఇల్లు కాబట్టి మా మిషనుకు పిలుపు లేదు. సభ అయ్యాక కుక్కుటేశ్వరరావు గారు మా ఇంటికొచ్చి రెండో పరీక్ష చేసే ఏర్పాటు. ఆయన తోలుసంచీలోంచి ఎర్ర బోర్డు అంచు బయటికి కనిపిస్తూనే ఉంది.

వైర్లు కలపడానికి నన్ను పిలిచారు. ఆ మిషన్లు చూసి నాకు జాలేసింది. ఒక్కదాన్నీ వచ్చిన దగ్గర్నుంచి ఖాళీ చెయ్యలేదు. డబ్బాలో పట్టినంత పట్టాక బొటనవేళ్ళతో కుక్కారు. క్లిప్పులు పళ్ళు బిగించి పట్టుకుని ఉన్నాయి.

"అయ్యా, వీటి ఫిల్టర్లు పూడుకుపోయాయి. ఊపిరాడదు వీటికి. మీట నొక్కొద్దండి," అన్నాను.

"ఫిల్టరు అను పదము రెండు సర్క్యులర్లలోనూ లేదు," అన్నారు కుక్కుటేశ్వరరావు గారు.

కమిషనర్ గారు తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటుతో వచ్చారు. "తూములపేట ప్రజలు ఒకటిన్నర నెలల్లో సాధించిన ఈ ధూళి, భావితరాలకు మనమిచ్చే కానుక" అని ఉపన్యసించారు. ముప్ఫై మిషన్లూ ఒకేసారి పనిచేయడం తాను చూడాలన్నారు. పెద్ద మీట ఆయనే నొక్కారు.

మొదట ముప్ఫై గేదెలు ఒకేసారి ఈనుతున్నట్టు మూలిగాయి. తర్వాత కాసేపు నిశ్శబ్దం. ఆపైన బుల్లెమ్మాయి గారి మిషను క్లిప్పు టప్పుమంది. దాన్ని చూసి మిగతావాటికి ధైర్యమొచ్చింది. టప్, టప్, టప్, పేలాలు వేగినట్టు! మండపంలో పగలు పోయింది. ఆ మబ్బు చూసి వర్షమొస్తుందని పక్క ఊరి రైతులు నారుమళ్ళు సిద్ధం చేసుకున్నారని తర్వాత తెలిసింది. జనం వెనక గుమ్మంలోంచి పారిపోయారు. వేదిక మీదివాళ్ళు ముందు గుమ్మంలోంచి వచ్చి, ఎదురుగా కనిపించిన కుళాయి మా ఇంటిది కాబట్టి మా అరుగెక్కారు. పదకొండు మంది. అందరూ ఒకే రంగు. ఎవరు కమిషనరో, ఎవరు మైకు పట్టుకున్నవాడో వాళ్ళ ఇళ్ళలోవాళ్ళు కూడా గుర్తుపట్టలేరు.

వీరవేణి గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఆగండక్కడ! ఒక్క అడుగు లోపలికేశారంటే ఊరుకోను. లోపల అప్పడాలున్నాయి!"

మొదటి ఆకారం దగ్గింది. "అమ్మా, నేను కమిషనర్ని."

"అయితే ఏంటి బాబూ, దుమ్మే కదా! తల మీద నీళ్ళు కూడా పోసుకోకండి, బురదైపోద్ది. వరసగా నిలబడండి."

లోపలికెళ్ళి మా మిషను పట్టుకొచ్చింది. చిన్న బ్రష్షున్న మూతి తగిలించి కమిషనర్ గారి నడినెత్తి మీద పెట్టింది. ఆ లాగుడు చూడాలి మీరు! తల నల్లబడింది, చెవులు బయటపడ్డాయి, చొక్కా తెల్లబడింది. ఎడమ చెవి వెనక నుంచి వచ్చినదాంతోనే డబ్బా అడుగు మునిగింది. ఆవిడ ఎవరి హోదా చూడలేదు. "గెడ్డం ఎత్తండి. ఆఁ. అటు తిరగండి. కదలకండి బాబూ, చిన్నపిల్లల్లాగ!" అంటూ పదకొండు మందినీ దులిపింది. చివర్న మిగిలిన ఆకారం మీద గొడుగు తేలింది. కుక్కుటేశ్వరరావు గారు.

కమిషనర్ గారు తన చేతులు తిప్పి చూసుకున్నారు. "ముప్ఫై యంత్రాల్లో ఒక్కటీ పనిచేయలేదు. మీదొక్కటీ ఎలా పనిచేస్తోందమ్మా?"

"కడిగానండి."

"ఎందుకు?"

వీరవేణి ఆయన్ని ఎగాదిగా చూసింది. "మురికైతే కడగరా అండి?"

కమిషనర్ గారు కుక్కుటేశ్వరరావు గారి వైపు తిరిగారు. "కడుగుటకు మన నిబంధనల్లో అవకాశం ఉందా?"

"లేదండి."

కుక్కుటేశ్వరరావు గారి చెయ్యి, అలవాటు కొద్దీ, తోలుసంచీలోకి వెళ్ళింది. ముందు ఎర్ర బోర్డు వచ్చింది. తర్వాత సుత్తి.

"ద్వితీయ పరీక్ష నేడే," అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

వీరవేణి మిషను నా చేతిలో పెట్టి గుమ్మానికి ఆనుకుంది. ఆవిడ మొహం చూడలేక నేను డబ్బా ఊడదీసి ఆయన ముందుకు తోశాను. "పరీక్షన్నాక తూచాలి కదండీ. తూచండి."

ఆయన తూచారు. ముల్లు అటూ ఇటూ ఊగి నిలబడింది. నాలుగు వందల ముప్ఫై ఎనిమిది గ్రాములు.

"కాని ఇది ఈ ఇంటి ధూళి కాదు," అన్నారు ఆయన, నిజంగానే బాధపడుతూ.

"గృహ ఆవరణలో లభించినదై ఉండాలని మీరే కదండీ రాశారు? అరుగు మా ఆవరణా కాదా?"

"ఆవరణే."

"మిమ్మల్ని దులిపినప్పుడు మీరెక్కడున్నారు?"

"అరుగు మీద."

"మరి దుమ్మెక్కడ లభించిందండి?"

ఆయన చాలాసేపు ఆలోచించారు. ఆలోచించిన కొద్దీ ఆయన మొహంలో వెలుతురొచ్చింది. ఎర్ర బోర్డు సంచీలోకి తిరిగి వెళ్ళింది. పుస్తకం తెరిచి రాశారు. రాస్తూ ఒకచోట ఆగారు. ధూళి మూలము అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే చెల్లదు. రూలు తప్పడం ఆయన రక్తంలో లేదు. 'కమిషనర్ గారు మరియు సిబ్బంది' అని గుండ్రటి అక్షరాలతో నింపారు. కమిషనర్ గారు, అన్ని కాగితాల మీదా పెట్టినట్టే, దాని మీదా చదవకుండా సంతకం పెట్టారు. పసుపు బోర్డు మేకులు నేనే పీకాను. నలభై ఏళ్ళ సర్వీసులో అంత సంతోషంగా ఏదీ విప్పలేదు.

సాయంత్రం భీమన్న బుట్టతో వచ్చి వెయ్యి అప్పడాలూ గడప దాటించుకుపోయాడు. వీరవేణి వీధి చివరి దాకా వాటిని చూస్తూ నిలబడింది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కానీ ఆ పుస్తకం పైకి వెళ్ళింది. పైవాళ్ళు అందులో మా ఇంటి లెక్క చూశారు. పావుగంటలో నాలుగు వందల ముప్ఫై ఎనిమిది గ్రాములు! రాష్ట్రంలో ఎక్కడా లేని ఫలితం. మూలం ఏమిటా అని చూస్తే, అధికారులు. వెంటనే మూడో సర్క్యులరు వచ్చింది. ఇకమీదట ధూళి కొరకు ప్రజలను ఇబ్బంది పెట్టరాదు. ప్రతి గృహమునకు నెలకొకసారి ఒక అధికారి స్వయముగా హాజరై, తనపై గల ధూళిని గృహిణికి సమర్పించవలెను.

మా ఇంటికి కుక్కుటేశ్వరరావు గారిని వేశారు. పై నెల ఒకటో తేదీన ఠంచనుగా వచ్చారు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, నూనె రాసి దువ్విన తల, మెరిసే చెప్పులు. అరుగు మీద నిలబడి, చేతులు కొంచెం దూరంగా పెట్టి, కళ్ళు మూసుకుని సిద్ధమయ్యారు.

వీరవేణి మిషను మీట మీద చెయ్యి పెట్టి, ఆయన్ని నెత్తి నుంచి కాళ్ళ దాకా చూసింది.

"ఇంత తెల్లగా వత్తే నాకు గ్రాములెక్కడివండీ, ఆఫీసరు గారూ? ఎళ్ళి కాస్త తిరిగి రండి."

"అవునవును, పొరపాటు," అన్నారాయన. గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, మలుపు దాకా నడిచి, రోడ్డు పక్కన మట్టి ఎక్కువగా ఉన్న చోటు చూసుకుని, బస్సు కోసం నిలబడ్డారు.

ఎక్కడానికి కాదు.